ఒళ్లో అతిథి

ఆర్టీసీ బస్సులో అయిదేళ్లు నిండని పిల్లకి టిక్కెట్టు లేదు. రైల్లో విడిగా బెర్తు అడక్కపోతే ఆ వయసుకి ఛార్జీ లేదు. విమానంలో రెండేళ్లలోపు పిల్లకి సీటివ్వరు, అమ్మ ఒడే సీటు. ఇన్నిచోట్ల సున్నా అనిపించుకున్న పిల్లని, గది బుక్ చేసేటప్పుడు మాత్రం అమ్మానాన్నలు ఒకటిగా రాస్తారని ఎలా ఆశపడతాం? ‘పెద్దవాళ్లు నలుగురు’ అని వస్తుంది బుకింగు. కారు తలుపులు తెరుచుకుంటాయి, నలుగురూ దిగుతారు. నాలుగో మనిషి భుజం మీద తువ్వాలు కదులుతుంది. అందులోంచి అయిదో తల బయటికొచ్చి మా ఇంటిని వాళ్లందరికన్నా ముందు చూసేస్తుంది.

రాజోలుకి అవతల, కాలవ గట్టునున్న పాత మండువా లోగిలి మాది. వీధివైపు రెండు గదులు, పెరటివైపు ఒకటి వచ్చేపోయేవాళ్లకి రోజులెక్కన ఇస్తాం. దిండిలో గోదారి చూడాలనీ, అంతర్వేది తీర్థానికనీ, సంక్రాంతికి ప్రభలు చూడాలనీ వస్తారు. ఈ పనిలో ఉన్నవాళ్లం ఏ పెళ్లిలోనో కలిస్తే మాట్లాడుకునేవి మూడే సంగతులు: ఏసీ ఆపకుండా బయటికి పోతారు, తెల్ల దుప్పట్లకి పసుపు అంటిస్తారు, చెప్పకుండా చంటిపిల్లల్ని తెస్తారు. మొదటి రెండూ నష్టం లెక్కలు. మూడోదాన్ని కూడా వాటి పక్కనే కూర్చోబెట్టడం నాకు నచ్చదు. దాని సంగతి వేరు.

అసలు ఎందుకు చెప్పరు? అద్దె పెరుగుతుందని కొందరు. పట్నంలో ఇళ్ల కోసం తిరిగి తిరిగి, ‘చిన్నపిల్లలున్నారా?’ అని అడిగిన ఓనరు తర్వాత ఫోనెత్తడని నేర్చుకున్నవాళ్లు కొందరు. మూడో నెల పిల్లని ప్రయాణం కట్టిస్తున్నామని ముందుగా పదిమందికీ తెలిస్తే దిష్టి తగులుతుందని అమ్మమ్మలు నోరు కట్టేసిన ఇళ్లు కొన్ని. వీళ్లందరికన్నా ఎక్కువమంది ఇంకో రకం: వాళ్లకసలు తోచదు. “పాప మాతోనే పడుకుంటుంది కదండీ, దానికో మంచం కావాలా ఏంటి?” అంటారు నిజాయితీగా. ఆ మాటలో దాపరికం వెతికితే మనదే తప్పు.

దీనిలో వింత ఏమిటంటే, చాలాసార్లు వాళ్ల ప్రయాణం ఆ పిల్ల కోసమే. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుని, కడుపు పండాక మళ్లీ దర్శనానికి బయల్దేరినవాళ్లు వాళ్లు. అయినవిల్లి వినాయకుడి సన్నిధిలో అన్నప్రాసన చేద్దామని వచ్చినవాళ్లు. అంతర్వేది నరసింహస్వామికి పుట్టువెంట్రుకలు ఇస్తామన్నవాళ్లు. కారు ఎవరి కోసం కట్టించారో, సెలవు ఎవరి కోసం పెట్టారో, ఆ మనిషి పేరు తప్ప అందరి పేర్లూ బుకింగులో ఉంటాయి.

యాపుల తీరు కూడా దీనికి తోడు. ఎయిర్‌బీఎన్‌బీనే తీసుకుంటే, రెండేళ్లు నిండని పిల్లలు అతిథుల సంఖ్యలోకి రారు. రెండు నుంచి పన్నెండేళ్ల వాళ్లు వస్తారు. చంటిపిల్లలెందరో రాయడానికి వేరే గడి ఉంది. కానీ సంఖ్యలోకి రానివాళ్ల గడిని ఎవరు నింపుతారు? ధర మారని చోట వేలు ఆగదు, కిందికి జారిపోతుంది.

ధర కోసం పెట్టే లెక్క ఒకటి, కాపలా కోసం పెట్టే లెక్క ఇంకొకటి. మనుషులు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడంలోనే తికమకంతా ఉంది. విమానం వాళ్లు ఆ తేడా బాగా తెలిసినవాళ్లు. ఒళ్లో పిల్లకి సీటు లేకపోయినా టిక్కెట్టులో పేరు ఉండి తీరాలి. ఎందుకంటే చాలా విమానాల్లో ఒక్కో వరసలో ఒక్కోవైపు, సీట్లకన్నా ఒక ఆక్సిజన్ మాస్కు మాత్రమే అదనంగా ఉంటుంది. అందుకే ఒకేవైపు వరసలో ఇద్దరు ఒడి పిల్లల్ని కూర్చోనివ్వరు. రెండో పిల్ల ఉందని ముందే తెలిస్తే వేరే వరసకి మారుస్తారు. గాల్లో తెలిస్తే చేయగలిగింది తక్కువ.

జనాభా లెక్కలవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. మళ్లీ మార్చి 1 నుంచి 5 దాకా అవే ఇళ్లకి వెళ్లారు. మధ్యలో పుట్టినవాళ్లని కలపడానికి, పోయినవాళ్లని తీసేయడానికి. పేరు పెట్టని, బారసాల కాని, కళ్లయినా సరిగ్గా తెరవని పిల్ల కూడా అక్కడ నిండు ఒకటి. అర టిక్కెట్టు, పావు టిక్కెట్టు అన్న మాట ఆ పుస్తకంలో లేదు. ఒకే దేశం, ఒకే పిల్ల. బస్సులో సున్నా, జనాభాలో ఒకటి. రెండూ సరైనవే, ఎందుకు లెక్కపెడుతున్నామన్నదే తేడా.

మా ఇంట్లో ఎందుకు లెక్కపెట్టాలో తెలియాలంటే, ఆ ఇంటిని నేలమీంచి చూడాలి. పెద్దవాళ్లు నిలబడి చూస్తారు. నగిషీ చెక్కిన స్తంభాలు, దూలాలు, పెంకుల సందుల్లోంచి జారే ఎండ చూసి ఫొటోలు తీసుకుంటారు. ఎనిమిదో నెల పిల్ల మోకాళ్ల మీద బయల్దేరి వేరే ఇల్లు చూస్తుంది. గది గడప దాటితే వసారా, వసారా అంచున అడుగున్నర లోతులో మండువా. వానొస్తే నాలుగువైపుల నీళ్లూ అందులోకే దిగి తూములోంచి పోతాయి. రాతి అంచు నున్నగా ఉంటుంది, నాచు పట్టినప్పుడు పెద్దవాళ్ల కాలే జారుతుంది. వీధివైపు వెళ్తే అరుగు, దానికి కటకటాలు లేవు. నాలుగు మెట్లు, సన్నటి రోడ్డు, గట్టు, ఆపైన రేవు మెట్లు. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు అడుగున బురదా, గుర్రపుడెక్కా మిగులుతాయి. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక అదే కాలవ గట్టు ఒరుసుకుంటూ పరిగెడుతుంది. పెరటివైపు గిలక నుయ్యి, పక్కన నీళ్ల గంగాళం, కొబ్బరిచెట్ల నిండా ఎప్పుడు రాలుతాయో తెలియని మట్టలు, కాయలు. దింపు తీయించడం రెండు వారాలు ఆలస్యమైతే ఆ చెట్ల కింద మంచం వేసుకోవడానికి మా ఆయన కూడా వెనకాడతారు.

2021లో ప్రపంచంలో మూడు లక్షల మంది దాకా నీట మునిగి పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలు. నీళ్లంటే సముద్రమో, గోదారో కానక్కర్లేదు. పాకే పిల్ల బకెట్టు అంచు పట్టుకుని లేచి, తల ముందుకి వాల్చితే, అడుగున నాలుగు వేళ్ల నీళ్లున్నా చాలు. తల బరువు ఎక్కువ, చేతుల్లో బలం తక్కువ, పైకి లేవలేదు. పైగా మునిగే పిల్ల అరవదు. కాలవలూ, చెరువులూ, రొయ్యల గుంటలూ అల్లుకున్న సీమ మాది. ఇక్కడ పుట్టిన పిల్లకి ఇంట్లో పదిమంది కళ్లు కాపలా. రెండు రోజులకొచ్చిన పిల్లకి ఉన్నవి రెండు జతల కళ్లు, అవీ ప్రయాణం బడలికతో మూతలు పడుతున్నవి.

ముందే తెలిస్తే మేం చేసేది పెద్ద పనేమీ కాదు. వీధి గది బదులు పెరటి గది ఇస్తాం. దానికి ఎత్తు గడప, తలుపుకి పైగడియ ఉన్నాయి. నూతి మీద ఇనప వల దించి తాళం వేస్తాం. స్నానాల గదిలో బకెట్లు ఖాళీ చేసి బోర్లిస్తాం. నేలమీద పెట్టే దోమల బత్తి తీసేసి దోమతెర కడతాం. మా పక్క బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అందుకని పిల్ల పాలసీసాకి టిన్ను నీళ్లు మరగకాచి ఫ్లాస్కులో పోసి పెడతాం. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడిచే ఫ్యాను ఆ గదిలోనే ఉంది. దూలానికి ఉయ్యాల కొక్కెం కూడా ఉంది, మా ఆయన్ని ఊపిన కొక్కెమే. సిమెంటు ఇళ్లలో పెరిగిన తల్లులు ఆ కొక్కేన్ని చూసి, చీర కట్టొచ్చా అని అడుగుతారు. బరువు వేలాడదీసి, ఒకసారి గట్టిగా ఊపి చూశాకే కట్టనిస్తాను.

డైపర్ల సంగతీ చెప్పాలి, ఎవరూ మాట్లాడుకోరు గనక. రెండు రోజుల్లో ఒక చంటిపిల్ల నింపే సంచి చిన్నదేం కాదు. తల్లికి ఎక్కడ వేయాలో తెలియక మరుగుదొడ్డిలో వేస్తే మా తొట్టి నిండుతుంది. తండ్రి చీకట్లో తీసుకెళ్లి కాలవలో విసిరితే కింది ఊరి తూము దగ్గర తేలుతుంది. వాడిన డైపర్లని విడిగా చుట్టి ఇవ్వాలని ఘనవ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. పంచాయతీ వాళ్ల చెత్త నుంచి సంపద చేసే షెడ్డులో ఎంత వానపాముల ఎరువు చేసినా, డైపరులోంచి సంపద పుట్టదు. కాబట్టి పాత పేపర్లూ, మూత ఉన్న బుట్టా ఆ గదిలో ముందే పెడితే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

ఇవన్నీ సౌకర్యాలు. లెక్కకి అసలు కారణం ఇంకా బరువైంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకి బయల్దేరిన ‘రాయల్ వశిష్ఠ’ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరూ మర్చిపోలేనిది ఒకటుంది: బోటులో ఎందరున్నారన్న సంఖ్య రోజురోజుకీ మారింది. అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం బోటుని గోదారి అడుగు నుంచి లాగేదాకా, ఎవరో ఒకరి కోసం ఎవరో ఒకరు ఒడ్డున కాసుకునే ఉన్నారు. ఎవర్ని వెతకాలో తెలియాలంటే ఎవరు ఎక్కారో రాసి ఉండాలి. ఒళ్లో ఎక్కినవాళ్లని కూడా. నిప్పంటుకుంటే, వరదొస్తే, గ్యాసు లీకైందని అర్ధరాత్రి అందర్నీ బయటికి రమ్మంటే, నేను గేటు దగ్గర నిలబడి ‘అందరూ వచ్చారా?’ అని అడగాల్సింది ఏ సంఖ్యని చూసి? రిజిస్టరులో నలుగురుంటే, నలుగురు బయటికి రాగానే నేను వెతకడం ఆపేస్తాను.

రిజిస్టరు మాటొస్తే ఒక తమాషా కూడా చెప్పాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మన ఇంట్లో దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం ప్రభుత్వానికి ఆన్‌లైన్లో పంపాలి. ఒక జంట డాలస్ నుంచి వచ్చారు, తాతగారి ఊరు చూపించడానికి. ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులే, నాకే పనీ లేదనుకున్నా. చంకలో పిల్ల అక్కడే పుట్టింది. ఇంటికొచ్చిన ముగ్గురిలో విదేశీయురాలు ఆ తొమ్మిది నెలల మనిషొక్కతే, బుకింగులో పేరు లేనిదీ ఆవిడొక్కతే. గోచీతో అరుగు మీద కూర్చుని అటుకులు ఏరుకుంటున్న ఆ అమెరికా పౌరురాలి పాస్‌పోర్టు నంబరు ఎక్కించడానికి మా ఆయన కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు.

అడగనిదే చెప్పరా అంటే, మనం అడిగే పద్ధతి కూడా చూసుకోవాలి. ‘ఎంతమంది?’ అన్న ప్రశ్న డబ్బు ప్రశ్నలా వినిపిస్తుంది. ‘తలకి ఇంత’ అని పక్కనే రాసి పెడతాం మరి. ఆ పలక కింద నిలబడి ఇంకో తల ఉందని ఎవరు ఒప్పుకుంటారు? డబ్బు అడిగిన చోట అబద్ధం మొలుస్తుంది. నేను చంటిపిల్లకి పైసా తీసుకోను, ఆ మాట మొదటి మెసేజిలోనే చెబుతాను. పక్క గదివాళ్లకి కూడా చెబుతాను, ‘ఆ రాత్రి ఇంట్లో చంటిపిల్ల ఉంటుంది, మండువాలో ఏడుపు అన్ని గదులకీ వినిపిస్తుంది’ అని. హైదరాబాదు గోల వదిలి నిద్ర కోసమే వచ్చినవాళ్లుంటారు, వాళ్లూ డబ్బిచ్చినవాళ్లే. తెలిసి వచ్చినవాళ్లు మర్నాడు పొద్దున్న ఆ పిల్లనే ఎత్తుకుని తిప్పుతారు. తెలియక వచ్చినవాళ్లు మర్నాడు పొద్దున్న నాతో మాట్లాడరు.

లెక్కలూ ఫారాలూ చూసి, అతిథి మర్యాదకి పేరుపడ్డ కోనసీమలో ఇదేం పద్ధతి అని ఎవరైనా అడగొచ్చు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ గోదారి దాటి వచ్చినవాళ్లకి కూడా వండి పెట్టారు. 1909లో ఆవిడ పోయి ఇంతకాలమైనా, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం ఆవిడ పేరే పెట్టుకుంది. ఆవిడ ఎవర్నీ ఎంతమందని అడగలేదు నిజమే. కానీ ఆవిడ ఎవరి దగ్గరా తీసుకోలేదు. మేం రాత్రికి ఇంత అని తీసుకుంటాం. తీసుకున్న దగ్గర్నుంచీ ఆ కప్పు కింద జరిగేదానికి జవాబుదారులం. ఆవిడ ఇంట్లో లెక్క లేకపోవడం ఔదార్యం. మా ఇంట్లో లెక్క లేకపోతే అది అజాగ్రత్త.

పిల్లలకి సరిపడదని ముందే రాసేసే ఇళ్లూ ఉన్నాయి. మేడ మీదికి నిలువు నిచ్చెన ఉన్నచోట, కటకటాలు లేని డాబా గది ఉన్నచోట అలా రాయడమే న్యాయం. ముందు చెప్పిన ‘కాదు’ ఎవర్నీ రోడ్డున పడెయ్యదు, ఇంకో ఇల్లు చూసుకుంటారు. గుమ్మంలో చెప్పే ‘కాదు’ వేరు. రాత్రి తొమ్మిదింటికి చంటిదాన్ని చంకనేసుకుని నిలబడ్డ తల్లికి నిబంధనలు చదివి వినిపించే ఇల్లు మా సీమలో ఉంటుందని నేను అనుకోను. చెప్పకుండా తెచ్చారని మూతి ముడవడానికి తర్వాత బోలెడు టైముంటుంది. ముందు లోపలికి రానిచ్చి, గది మార్చి, పాలు వెచ్చబెట్టాలి.

ఒక్కచోట మాత్రం నేను మెత్తబడను. పొద్దున్నే దిండి వెళ్లి బోటెక్కుతామంటే, పిల్లతో వద్దంటాను. పెద్దవాళ్ల లైఫ్ జాకెట్టులోంచి చంటిపిల్ల జారిపోతుంది, ఒంటికి పట్టే జాకెట్టు చేతిలో లేకుండా నీళ్ల మీదికి తీసుకెళ్లడం నాకిష్టం లేదు. పిల్లని నాకిచ్చి మీరెళ్లిరండి, లేదా ఒడ్డునుంచే చూడండి అంటాను. కొందరు అలుగుతారు. ఒకాయన రేటింగులో చుక్క తగ్గించాడు కూడా. ఆ చుక్క పోతే పోయింది.

చంటిపిల్లలు ఉన్నారా అని ఇప్పుడు నేను విడిగా అడుగుతాను. నెలలెన్నో, పాకుతుందా, నడుస్తుందా, తల్లిపాలా, సీసానా అని కూడా. సంఖ్య కన్నా ఆ జవాబులే నాకు పనికొస్తాయి. మూడు నెలల పిల్ల పడుకోబెట్టిన చోటే ఉంటుంది, దానికి దోమతెరా, మెత్తటి దిండ్లు లేని గట్టి పరుపూ చాలు. పది నెలల పిల్లకి ఇల్లంతా సర్దాలి. ఏడాదిన్నర పిల్లకి గేటు గొళ్లెం ఎత్తులో ఉండాలి. ముగ్గురూ యాపు దృష్టిలో ఒకే సున్నా.

ఇంత అడిగినా చెప్పనివాళ్లుంటారు, ఉండనివ్వండి. దిగగానే రిజిస్టరు తెరిచి మొదటి వరసలో పిల్ల పేరే రాయిస్తాను, తర్వాతే పెద్దవాళ్లవి. మొన్నామధ్య ఒక కుర్ర తండ్రి, సామాన్లు దింపుతూ దింపుతూ ఆగి నవ్వాడు.

“మా బుడ్డోడి పేరు కూడా ఎందుకండీ? వాడికింకా ఆధారే తీయించలేదు.”

“ఆధార్ లేకపోయినా ఎదురుగా కాలవుంది కదా నాయనా. చెప్పు, ఏం పేరు పెట్టారు?”